ముక్కు మేస్త్రికి అందని వాసన

ముక్కు మేస్త్రి షెడ్డులో ఒక రూలు ఉండేది. బండి లోపలికొచ్చి ఆగాక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. బానెట్ ఎత్తకూడదు, చక్రం తట్టకూడదు, కిందికి తొంగి కూడా చూడకూడదు. ముందు మేస్త్రి వచ్చి వాసన చూడాలి. ఆయన లోపల టీ తాగుతుంటే, ఆ టీ అయ్యేదాకా రంగులాయన, కరెంటాయన, అల్లుడు, బండి తెచ్చిన ఆసామి అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అప్పుడు ఆయన తీరిగ్గా మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. చేతులు వెనక్కి పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. బానెట్ సందు దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చి చెప్పేవాడు. "బెల్టు జారుతోంది." "ఆయిలు కారి సైలెన్సర్ మీద పడుతోంది." "లోపల ఎలుక చచ్చింది, తీసెయ్యండి." బానెట్ ఎత్తితే ఎలుక ఉండేది. జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. పక్క ఊళ్ల నుంచి కూడా బళ్లు వచ్చేవి. ముక్కు మేస్త్రి అసలు పేరేమిటో ఆయన భార్య కూడా మర్చిపోయి ఉంటుందని జనం నవ్వుకునేవాళ్లు.

ఆ ముక్కు ఎంత గొప్పదో ఆ మనిషి అంత చెడ్డవాడు. ఈ ముక్క ముందే చెప్పుకుంటే మంచిది. లేకపోతే చివర్లో ఆయన మీద ఊరికే జాలి పుట్టుకొస్తుంది.

ఇంటి గేటు దగ్గరే నిలబడి, "మాడ్చి తగలేశావా ఇవాళ కూడా?" అని అరిచేవాడు. కూర అడుగున రవ్వంత అంటుకున్నా ఆయనకి వీధిలోకే తెలిసిపోయేది. కంచం తోసేసి లేచిపోయేవాడు. భార్య కొంగు పట్టుకుని వాసన చూసి, "పక్కింటికి వెళ్లావు కదూ, వాళ్ల సబ్బు కంపు కొడుతోంది" అనేవాడు. పాపం ఆవిడ పక్కింట్లో మంచినీళ్లు తాగినా ఇంటికొచ్చి చీర మార్చుకునేది. కాపురానికొచ్చిన నాటి నుంచి పొయ్యి ముందు భయపడుతూనే నిలబడింది.

ఇక అల్లుడి సంగతి. అతను ముందు షెడ్డులో పనికి చేరిన కుర్రాడే. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడు, ఎదురు చెప్పేవాడు కాదు. ఇలాంటివాడు చెయ్యి జారిపోకూడదని మేస్త్రి కూతుర్నిచ్చి కట్టేసుకున్నాడు. పనిలో చేరిన మొదటి రోజు అతనికి నిజంగానే పడిశం పట్టి ఉంది. క్లచ్ మాడిన బండి చూపించి "ఏం వాసనరా?" అంటే "బెల్టు" అన్నాడు. అంతే, "జలుబు" అని పేరు పెట్టేశాడు మేస్త్రి. పెళ్లయ్యాక కూడా ఆ పేరు పోలేదు. ఇంట్లో నలుగురి ముందు "అల్లుడుగారూ" అనేవాడు గానీ, షెడ్డు గుమ్మం దాటగానే "ఒరేయ్ జలుబూ". బండ్లవాళ్లలో కొందరు అదే అసలు పేరనుకుని, మర్యాదగా "జలుబుగారూ" అని పిలిచేవాళ్లు. ఒకసారి అతని చిన్న కూతురు బడిలో పిల్లలంతా "జలుబు కూతురు" అంటున్నారని ఏడుస్తూ వచ్చింది. అది విని తాతగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. పిల్ల ఏడుపు ఆపకపోతే "దీనికి కూడా ముక్కు కారుతోంది చూడండ్రా" అని మళ్లీ నవ్వాడు. అల్లుడు స్పానరు తీసుకుని బండి కిందికి దూరిపోయాడు.

ఆ ఏడు వానల్లో మేస్త్రికి జ్వరం వచ్చింది. వారం పైనే మంచం మీద ఉన్నాడు. తగ్గాక లేచి మొహం కడుక్కుంటుంటే, సబ్బుకి వాసన లేదు. కొత్త సబ్బు విప్పాడు, దానికీ లేదు. అనుమానం వచ్చి, ఎవరూ చూడకుండా షెడ్డు వెనక గదిలోకి వెళ్లి పెట్రోలు డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. కళ్లు మండాయి గానీ వాసన లేదు. మంచినీళ్ల కుండలోకి తొంగి చూసినట్టే ఉంది. ఆ డబ్బా పక్కనే కాళ్లు బారజాపుకుని కూలబడ్డాడు.

భయం పట్టుకుంది ఆయనకి. పని పోతుందని కాదు. పని చెయ్యడానికి కళ్లున్నాయి, చెవులున్నాయి, చేతులున్నాయి. చక్రం ముట్టుకుంటే వేడి తెలుస్తుంది, ఇంజను శబ్దం వింటే సగం రోగం తెలుస్తుంది. కానీ చేత్తో తడిమి చూసే మెకానిక్కుల్ని ఆయన ఇన్నేళ్లూ "గుడ్డి వెధవలు" అంటూ వచ్చాడు. ఇప్పుడు తను వంగి చక్రం ముట్టుకుంటే? ముక్కు పోయిన మేస్త్రి ఇంకెవడైనా తన చేతికి చిక్కి ఉంటే వాణ్ణి తను ఎలా ఆడించి ఉండేవాడో ఆయనకి బాగా తెలుసు. ఆ ఊహే ఆయన్ని పీక్కు తింది. ముక్కు పోయిందని తెలిస్తే షెడ్డులో తన మాట చెల్లదు, ఊళ్లో మొహం చెల్లదు. అందుకే ప్రాణం పోయినా బయటపెట్టకూడదనుకున్నాడు.

బయటపెట్టకుండా నడిపే దారి ఒకటి త్వరలోనే దొరికింది. మొహాలు. బండి వచ్చి ఆగగానే ఆయన బండిని చూడడం మానేసి మనుషుల్ని చూడడం మొదలుపెట్టాడు. పెట్రోలు వాసనైతే రంగులాయన వెంటనే చేతిలో బీడీ దాచేసేవాడు. వైరు కాలితే కరెంటాయన మెడ చటుక్కున అటు తిరిగేది. అందరికన్నా పనికొచ్చింది మాత్రం అల్లుడి మొహం. అతనికి ముక్కు పుటం కొంచెం అదిరేది, వెంటనే కళ్లు వాసన వచ్చే చోటికి వెళ్లి ఆగేవి. నిజానికి షెడ్డులో మేస్త్రి తర్వాత అంత మంచి ముక్కు ఆ జలుబుగాడిదే. మేస్త్రికి ఆ సంగతి ఎప్పట్నుంచో తెలుసు, అందుకే ఆ పేరు పెట్టి తొక్కేశాడు. ఇప్పుడు మాత్రం "ఒరేయ్ జలుబూ, ఇలా వచ్చి నా ఎదురుగా నిలబడరా, చూసి నేర్చుకుందువుగాని" అని దగ్గరికి పిలిచేవాడు. కళ్లు మూసినట్టు నటిస్తూ రెప్పల సందులోంచి అతని మొహం చదివేవాడు. చదివి, నిండుగా ఊపిరి పీల్చి, రోగం పేరు చెప్పేవాడు. ఆ పూట అల్లుణ్ణి ఇంకో నాలుగు మాటలు ఎక్కువే అనేవాడు.

షెడ్డులో అలా నెగ్గుకొచ్చాడు గానీ, ఇంట్లో దొరికిపోయాడు. భార్య పాలు పొయ్యి మీద పెట్టి డాబా మీద బట్టలు ఆరేస్తూ మర్చిపోయింది. గుర్తొచ్చి పరుగున కిందికొచ్చేసరికి గిన్నె బొగ్గయిపోయింది, ఇల్లంతా మాడు కంపు. మేస్త్రి వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఇవాళ తన పని అయిపోయిందనుకుని ఆవిడ గోడకి అంటుకుపోయింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "టీ పెట్టావా?" అన్నాడు.

ఆవిడ కాసేపు అలాగే నిలబడి చూసింది. మర్నాడు, పాచిపోయి కంపు కొడుతున్న కూర వేడిచేసి కంచంలో వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని "ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకుంది. సాయంత్రం కూతురికి చెప్పింది. కూతురు మొగుడికి చెప్పింది. ఇదంతా తన వెనక జరుగుతున్నట్టు మేస్త్రికి తెలియదు. కడుపు నొప్పి ఎందుకొచ్చిందా అని రెండు రోజులు మజ్జిగ తాగాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే నర్సమ్మ బండి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తుంది. పాత కారు, శుభ్రంగా ఉంచుకుంటుంది.

"రబ్బరు కాలిన వాసన వస్తోంది మేస్త్రిగారూ" అంది. "ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఉండదు. ఆసుపత్రికి చేరేసరికి వస్తుంది. బండి ఆపి దిగాక ఇంకా ఎక్కువ. కొంచెం ఎడమకి లాగుతున్నట్టు కూడా ఉంది."

ఇంతకన్నా స్పష్టంగా ఏ బండీ తన రోగం చెప్పుకోలేదు. ఎడమకి లాగుతోంది, ఆపాక వాసన ఎక్కువవుతోంది అంటే నిన్నగాక మొన్న పనిలో చేరినవాడైనా ముందు ఎడమ చక్రం బ్రేకు చూస్తాడు. కానీ మేస్త్రి ఆవిడ మాట వింటే కదా. ఆయన ధ్యాసంతా అల్లుడి మొహం మీదే ఉంది. అల్లుడి ముక్కు పుటం అదిరింది. కళ్లు మెల్లగా వెళ్లి బానెట్ మీద, కుడి పక్కన ఆగాయి.

మేస్త్రి వంగి, ఊపిరి పీల్చి, "బెల్టు" అన్నాడు. "పాతబడి జారుతోందమ్మా. రబ్బరు రాసుకుపోయి కాలుతోంది."

బానెట్ ఎత్తి చూస్తే బెల్టు పాతదే, అంచులు అరిగి నున్నగా మెరుస్తోంది. "చూశారా!" అన్నాడు. బెల్టు మార్చారు. నర్సమ్మ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

రెండు రోజులకి మళ్లీ వచ్చింది. వాసన అలాగే ఉందంది. ఈసారి అల్లుడి చూపు గేరు పెట్టె కిందికి పోయింది. "క్లచ్" అన్నాడు మేస్త్రి. "మీరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతారమ్మా. ఆడవాళ్లంతా అంతే. ప్లేటు మాడిపోతోంది." గేరు పెట్టె దించారు. ప్లేటు కొంచెం అరిగే ఉంది, అరగని ప్లేటు ఏ పాత బండిలో ఉంటుంది? అది మార్చేసరికి రోజంతా పట్టింది. ఆవిడ ఆ రోజు బస్సులో డ్యూటీకి వెళ్లింది.

మర్నాడే తిరిగొచ్చింది. ఇంజను ఆపకుండానే దిగి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. మేస్త్రి అందరి మొహాలూ చూశాడు. రంగులాయన మొహం ప్రశాంతంగా ఉంది. కరెంటాయన గోళ్లు గిల్లుకుంటున్నాడు. అల్లుడి ముక్కు కదల్లేదు, కళ్లు ఎక్కడా ఆగలేదు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"పోయిందమ్మా వాసన" అన్నాడు. "మీకు అలవాటై ఇంకా ఉన్నట్టు అనిపిస్తోంది, అంతే. ఏరా జలుబూ, ఏమైనా వాసన ఉందా?"

"లేదు మావయ్యగారూ."

"రంగులాయనా?"

"అబ్బే, ఎక్కడిది మేస్త్రీ."

కరెంటాయన కూడా లేదన్నట్టు తలూపాడు. ఊపి, ఏదో పనున్నట్టు చటుక్కున వెనక్కి తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. మేస్త్రి అది దగ్గనుకున్నాడు.

నర్సమ్మ ఒక్కొక్కరి మొహం వంకా చూసింది. "అయితే మీరు నాతో ఒకసారి రండి మేస్త్రిగారూ. అలా వెళ్లొద్దాం" అంది.

ఊరి బయట వంతెన దాటి, చెరుకు లారీల కోసం వేసిన ఎత్తు రోడ్డు ఎక్కి దిగేసరికి ఆవిడ దగ్గడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు దించింది. మేస్త్రి మాత్రం కాలు మీద కాలు వేసుకుని, "ఎంత నున్నగా వెళ్తోందో చూడండి, చుక్క వాసన లేదు" అంటున్నాడు. ఆవిడ రోడ్డు పక్కకి తీసి బండి ఆపింది. ఇంజను కట్టేసింది. ఆయన వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి మేస్త్రిగారూ మీకు వాసన తెలీడం లేదు?" అంది.

ఆయన చటుక్కున కాలు కిందికి దించాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఈ కంపుకి నా కళ్లు మండుతున్నాయి, మీరేమో పూలతోటలో కూర్చున్నట్టు కూర్చున్నారు. జ్వరం వచ్చిందా ఈమధ్య? మా దగ్గరికి చాలామంది వస్తారు ఇలాగే. ఒక్కోసారి దానంతటదే తిరిగి వస్తుంది. రాకపోయినా సిగ్గుపడాల్సిందేం లేదు."

ఆవిడ నెమ్మదిగా, రోగితో మాట్లాడినట్టే మాట్లాడింది. జ్వరం తగ్గిన నాటి నుంచి ఆయనతో ఎవరైనా మంచిగా మాట్లాడింది అదే మొదలు. దానికి ఆయన చేసిందేమిటంటే, తోక తొక్కిన పాములా లేచాడు. "సూదులు పొడుచుకునే దానివి, నువ్వా నాకు ముక్కు గురించి చెప్పేది? బండి నడపడం రాక దాన్ని తగలేసుకుని నా మీద పడతావేం? నీ చేతిలో పడ్డ రోగులు ఎలా బతుకుతున్నారో!" ఇంకా ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన పక్క కిటికీ వైపు చెయ్యి చాపి చూపించింది. ముందు ఎడమ చక్రం మీంచి సన్నగా పొగ లేస్తోంది.

దిగాడు. చుట్టూ చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. అప్పుడు చెయ్యి చాపి చక్రం ముట్టుకున్నాడు. వేళ్లు చుర్రుమన్నాయి. గబుక్కున వెనక్కి లాక్కున్నా బొబ్బలెక్కాయి.

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. బ్రేకు పట్టేసి వదలడం లేదు. ఆవిడ కాలు తీసినా బ్రేకు నొక్కే ఉంటోంది, చక్రం దానికి రాసుకుంటూనే తిరుగుతోంది, ఆ వేడికి లోపలి రబ్బరు కరిగి కాలుతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగితే బ్రేకు ఆయిలు మరిగి, కావలసినప్పుడు బ్రేకు పడదు. ఆ వెంటనే ఇంకోటి కూడా తెలిసింది. ఈ వాసన షెడ్డులో అందరికీ వచ్చింది. అల్లుడి కళ్లు బానెట్ మీద ఆగడం, గేరు పెట్టె కిందికి పోవడం, ఇవాళ ఎక్కడా ఆగకపోవడం, అంతా నాటకం. వాళ్లు దొంగ మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. తను ఆ మొహాలు చదువుతుంటే, చదవనిచ్చి లోపల నవ్వుకున్నారు. రోడ్డు పక్కన చక్రం చల్లారేదాకా మేస్త్రి తల ఎత్తలేదు.

తర్వాత వీల్ స్పానరుతో బ్రేకు మీద నాలుగు దెబ్బలు వేసి కాస్త వదిలించాడు. మెల్లగా వెనక్కి బయల్దేరారు. దారిలో నర్సమ్మ, "మీరు చెప్పుకోకపోతే నేను చెప్పను లెండి" అంది. తిట్లు తిన్న మనిషి అన్న మాట అది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కృతజ్ఞత అనే మాట ఆయన నోటికి ఎప్పుడూ తిరగలేదు. కానీ ఆవిడ మాటతో కొంచెం ధైర్యం వచ్చింది. గట్టిగా మాట్లాడితే ఇప్పటికీ నెగ్గొచ్చనుకున్నాడు.

షెడ్డులో బండి ఆగగానే దిగి, చేతులు వెనక్కి పెట్టుకుని, "అసలు రోగం ఇప్పుడు దొరికింది" అన్నాడు. "ముందు ఎడమ బ్రేకు పట్టేసింది. విప్పండ్రా."

ఎవరూ కదల్లేదు. అల్లుడు నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"వాసన చూసి చెప్పారా మావయ్యగారూ?"

"మరి దేంతో చెప్తాన్రా?"

"అయితే ఆ చెయ్యి ఎందుకు దాస్తున్నారు? ఏదీ, ఇలా చూపించండి."

మేస్త్రి చూపించలేదు. అల్లుడే చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు. అందరి ముందూ అరచెయ్యి తిప్పి పట్టుకున్నాడు. బొబ్బలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

"చేత్తో తడిమేవాణ్ణి ఏమంటారు మావయ్యగారూ? ఏదో పేరుండాలే."

రంగులాయన ఇక ఆపుకోలేకపోయాడు. పగలబడి నవ్వాడు. కరెంటాయన నేల మీద కూర్చుని నవ్వాడు. "పొద్దున బండి రాగానే నాకు వాంతి వచ్చినంత పనైంది మేస్త్రీ, మొహం కదపకుండా నిలబడ్డానికి నాలిక కొరుక్కున్నాను" అన్నాడు. ఒక్కొక్కరూ తమ తమ నటన గురించి చెప్పుకున్నారు. పందెం కూడా కాసుకున్నారట, మేస్త్రి బెల్టు అంటాడా క్లచ్ అంటాడా అని. మేస్త్రి ఆ నవ్వుల మధ్య చెయ్యి లాక్కునే ప్రయత్నం చేస్తూ నిలబడ్డాడు. అల్లుడు వదల్లేదు.

"ఆగండి" అంది నర్సమ్మ. "అంటే మీకందరికీ ముందే తెలుసా? మొదటి రోజే తెలుసా? తెలిసే నన్ను ఈ బండిలో పంపించారా?"

నవ్వు తగ్గింది. రంగులాయన తల వంచుకున్నాడు. అల్లుడు మాత్రం తడబడలేదు.

"మా షెడ్డు రూలమ్మా" అన్నాడు. "మేస్త్రి చెప్పనిది మేం ముట్టుకోం."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. ఆయన ఒక్క మాటంటే చాలు. తప్పయిపోయిందమ్మా అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు గానీ, అప్పుడు కూడా ఆయన చూస్తున్నది ఆవిణ్ణి కాదు. ఇంకా ఎవరు నవ్వుతున్నారో చూస్తున్నాడు. ఆవిడ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. బండి అయ్యేదాకా అక్కడే ఉంది.

అల్లుడు తనే జాకీ పెట్టి లేపాడు. చక్రం ఊడదీశాడు. చక్రాన్ని నొక్కి ఆపే బ్రేకు పట్టు విప్పితే, అది ముందుకీ వెనక్కీ జరగడానికి ఉండే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. బ్రేకు ప్యాడు ఇనుము కనిపించేదాకా అరిగింది. దుమ్ము పోకుండా ఉండే రబ్బరు టోపీ కరిగి బంకయిపోయింది. ఆ వాసనంతా దానిదే. పిన్నులు గరుకు కాగితంతో రుద్ది, బ్రేకుకి వాడే గ్రీజు పూసి, కొత్త రబ్బరు, కొత్త ప్యాడ్లు వేశాడు. పాత బ్రేకు ఆయిలు వదిలేసి కొత్తది పోసి, గొట్టాల్లో చిక్కిన గాలి తీశాడు. చక్రం ఎక్కించి వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. ఆ పనంతా అయ్యేవరకూ మేస్త్రి లైటు పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకోమని అల్లుడే చేతిలో పెట్టాడు. అది కూడా కాలిన చేతిలో.

నర్సమ్మ వెళ్లిపోయాక అల్లుడు చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఈ సంగతి గుమ్మం దాటదు మావయ్యగారూ. దాటితే మన షెడ్డుకి ఎవడొస్తాడు? జనం వచ్చేది మీ ముక్కు కోసం. మీరు రోజూ వచ్చినట్టే రండి, వాసన చూసినట్టే చూడండి. నేను ఒకసారి దగ్గితే బెల్టు, రెండుసార్లు దగ్గితే క్లచ్, గొంతు సవరించుకుంటే బ్రేకు. మిగతావి మెల్లగా నేర్పుతాను. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, ఎదురుగా షెడ్డు ఖాళీగానే ఉంది. మేమంతా అటు వెళ్తాం, అందరికీ అన్నీ చెప్పుకుంటాం."

మేస్త్రి లేచి ఇంటికొచ్చాడు. గేటు దగ్గర అలవాటుగా ఆగాడు. ఏం అరవాలో తెలియలేదు. భార్య చెయ్యి చూసి, వెన్న తెచ్చి రాసింది. ఆ కాస్త చల్లదనానికే ఆయనకి ఏడుపొచ్చింది.

"నా ముక్కు పోయిందే" అన్నాడు. "వాడికెలా తెలిసిందో అర్థం కావడం లేదు."

"నేనే చెప్పాను" అంది ఆవిడ, వెన్న రాస్తూనే.

"నువ్వా? ఎందుకు?"

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "పోయిందని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో మీకేం తెలుసు! ఒక్కదాన్నే దాచుకోలేకపోయాను" అంది. ఆ తర్వాత లేచి వెళ్లి కంచం పెట్టి పిలిచింది. మేస్త్రి కంచం ముందు కూర్చున్నాడు. తెల్లటి అన్నం, పక్కన కూర. అది ఇవాళ్టిదో, ఎప్పటిదో, అందులో ఏముందో ఆయనకి తెలిసే దారి లేదు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి చూస్తోంది. తిన్నాడు.

పొద్దున్నే షెడ్డుకి వెళ్లాడు. మొదటి బండి అప్పటికే వచ్చి ఉంది. పక్క ఊరి ఆసామి ఎవరో, ముక్కు మేస్త్రి గురించి విని వచ్చాడట, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి బండి చుట్టూ తిరిగి, బానెట్ సందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. వెనక అల్లుడు ఒకసారి దగ్గాడు.

"బెల్టు" అన్నాడు మేస్త్రి.

ఆసామి నోరు తెరుచుకుని చూశాడు. "అబ్బ! విన్నదానికన్నా ఎక్కువే!" అన్నాడు.

"అప్పుడే అయిపోయిందా మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు వెనకనుంచి. "ఆయన అంత దూరం నుంచి వచ్చారు. కింద కూడా చూడండి. సైలెన్సర్ దగ్గర. అలా కాదు, మోకాళ్ల మీద."

మేస్త్రి రంగులాయన వైపు చూశాడు, కరెంటాయన వైపు చూశాడు. ఎవరైనా నవ్వుతున్నారేమోనని. ఎవరూ నవ్వడం లేదు, అసలు ఇటు చూడడం కూడా లేదు, ఎవరి పనిలో వాళ్లున్నారు. ఆయన నేల మీద చెయ్యి ఆనించి, ఒక మోకాలు వంచాడు, తర్వాత రెండోది వంచాడు. బండి కిందికి తల దూర్చి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఇంకోసారి" అన్నాడు అల్లుడు.